వంటిల్లు మూతపడితే పిల్లలకు ఏది మేలు: మెస్ క్యారేజీనా, కర్రీ పాయింటా, వరండాలో ఇండక్షనా?

"పది రోజులమ్మా. పదకొండో నాడు కొత్త గట్టు మీద పాలు పొంగించుకుందురు" అన్నాడు మేస్త్రి. సింక్ కింద పైపు కారి గోడంతా చెమ్మెక్కడంతో గట్టు తీయక తప్పలేదు. మే నెల మధ్యలో పగలగొట్టారు. పాలు పొంగించింది జూన్ 20న. ఈలోపు టైల్స్ వేసేవాళ్లింట్లో పెళ్లి వచ్చింది, చీమకుర్తి నుంచి తెప్పించిన గెలాక్సీ గ్రానైట్ బండ మూల విరిగి దిగింది, మళ్లీ ఇంకో బండ కోసం ఎదురుచూపు. నెల్లూరు ఎండల్లో ఐదు వారాలకు పైగా మా ఇంట్లో పొయ్యి లేదు.

పెద్దవాళ్లం ఏదో ఒకటి తిని పడుకుంటాం. టెన్షన్ అంతా పిల్లలతోనే. పెద్దాడికి పదకొండేళ్లు, చిన్నాడికి రెండున్నర. ఒకడికి ఎంత పెట్టినా చాలదు, ఇంకొకడికి ఏది పెట్టినా కారం. ఆ ఐదు వారాల్లో దాదాపు అన్ని దారులూ తొక్కి చూశాం.

మొదటి వారం మెస్ క్యారేజీ. మా వేదాయపాలెంలో మెస్‌లకు కొదవ లేదు. ఫుల్ క్యారేజీ అంటే అన్నం, పప్పు, వేపుడు, ఒక కూర, సాంబారు, రసం, పెరుగు. మాకు 180 రూపాయలు పడింది. ఇద్దరు పెద్దవాళ్లకూ ఒక పిల్లాడికీ సరిపోతుంది. స్టీలు గిన్నెల్లో వస్తుంది, తిన్నాక కడిగి ఇచ్చేస్తే చాలు. పెద్దాడు సంతోషంగా తిన్నాడు, రోజూ పండగలా ఉందన్నాడు. చిన్నాడితోనే చిక్కు వచ్చింది. మెస్ అన్నం పలుకు మీద దించుతారు, పొడిపొడిగా ఉంటుంది. రెండున్నరేళ్లవాడికి అది మెత్తగా మెదగదు. ఇక మన నెల్లూరు చేతికి కారం, పులుపు కాస్త ధారాళమే కదా. పప్పులో కూడా ఎండుమిరపకాయలు తేలుతుంటే నేను గరిటెతో ఏరుతూ కూర్చునేదాన్ని. నాలుగో రోజు నుంచి వాడు పెరుగన్నమే తిన్నాడు, మూడు పూటలా.

అసలు దెబ్బ ఆరో రోజు తగిలింది. మధ్యాహ్నం మిగిలిన అన్నం, సాంబారు రాత్రికి పనికొస్తాయని మూతపెట్టి హాల్లో ఉంచాను. రాత్రి ఎనిమిదికి పెద్దాడికి పెట్టాను, పదికి వాంతులు. తప్పు మెస్ వాళ్లది కాదు, నాదే. వండిన అన్నాన్ని మామూలు గది వేడిలో రెండు గంటలకు మించి ఉంచకూడదంటారు, వేడి 32 డిగ్రీలు దాటితే గంటే. మేలో మా హాలు 32 దగ్గర ఆగుతుందా? అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా ఉంటుంది. దాని బీజాలు ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా ఉన్నంతసేపూ పెరిగి విషాన్ని వదులుతాయి. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. "సాంబారు మరగబెట్టి పోశాగా" అనుకున్నాను కానీ తేడా చేసింది అన్నం. మన పెద్దవాళ్లు రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లు, మజ్జిగ పోసి చద్ది చేసేవాళ్లు, పులిసే అన్నం సంగతి వేరు. మూతపెట్టి వదిలేసిన అన్నానికి ఆ రక్షణ లేదు. కాబట్టి క్యారేజీ తెచ్చుకుంటే మధ్యాహ్నానికే తెచ్చుకోండి. మిగిలింది వెంటనే ఫ్రిజ్‌లోకి పోవాలి, లేదంటే ఆవుకు.

ఆ రాత్రి తర్వాత అన్నం మాత్రం ఇంట్లోనే వండాలని తీర్మానించుకున్నాం. ఎలక్ట్రిక్ కుక్కర్ అప్పటికే ఉంది, 700 వాట్లది. అరగంటలో అన్నం అయిపోతుంది, కరెంటు అర యూనిట్ కూడా కాలదు. కూర మాత్రం వీధి చివర కర్రీ పాయింట్ నుంచి. పప్పు ముప్పై, వేపుడు నలభై. రెండు పూటలకూ కలిపి మెస్ ఖర్చులో సగం కాలేదు. పైగా ఏ పూటకు ఆ పూట వేడి అన్నం.

నన్నడిగితే ఈ ఐదు వారాల్లో పిల్లలకు బాగా కుదిరింది ఇదే. కానీ కర్రీ పాయింట్‌లో ఏం కొంటామన్నది ముఖ్యం. వేపుళ్ల దగ్గర నేను ఆగేదాన్ని కాదు. ఒకసారి వేయించిన నూనెలోనే మళ్లీ మళ్లీ వేయిస్తే అది చెడుతుంది. ఆ చెడిన పదార్థాలు, వాటిని పోలార్ కాంపౌండ్స్ అంటారు, నూనెలో 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని 2018 జులై నుంచి నిబంధన ఉంది. బాండీ దగ్గర నిలబడి దాన్ని కొలిచేదెవరు? నల్లగా, చిక్కగా, నురుగు కక్కుతూ ఉంటే మనమే తప్పుకోవాలి. అందుకని పాలకూర పప్పు, సొరకాయ, బీరకాయ, దోసకాయ పప్పు లాంటివే తెచ్చేదాన్ని. పదకొండున్నరకు గిన్నెలు దించుతారు. పన్నెండులోపు వెళ్తే పొగలు కక్కుతూ దొరుకుతుంది. రెండింటికి వెళ్తే అదే కూర చల్లారి అడుగున ఉంటుంది. మన స్టీలు గిన్నె తీసుకెళ్లాలి. మరిగే సాంబారును పాలిథీన్ కవర్లో పోసి రబ్బరుబ్యాండు వేస్తుంటే నాకు చూడబుద్ధి కాదు. కర్రీ పాయింట్ ఆయన మొదట్లో నవ్వాడు కానీ రెండో రోజు నుంచి గిన్నె చాపితే చాలు, అడక్కుండానే పప్పు పైతేట పోసేవాడు. "బాబుకా అమ్మా, అడుగున కారం ఉంటది" అనేవాడు.

ఇంకో కిటుకు చెప్తాను. అన్నం కుక్కర్ పైన ఆవిరి పళ్లెం ఉంటుంది కదా, చాలా ఇళ్లలో అది అట్టపెట్టెలోనే ఉండిపోతుంది. అందులో చిన్న గిన్నె పెట్టి, గంటసేపు నానబెట్టిన పెసరపప్పు వేసి, మునిగేటన్ని నీళ్లు పోస్తే అన్నంతో పాటే ఉడుకుతుంది. పక్కన రెండు గుడ్లు, నాలుగు క్యారెట్ ముక్కలు, ఒక బంగాళాదుంప. గుడ్లు బాగా కడిగి పెట్టాలి. చిన్నాడి అన్నం నుంచి పప్పు దాకా అంతా అక్కడే అయిపోయింది. కర్రీ పాయింట్ పప్పు మరీ ఘాటుగా ఉన్న రోజు ఈ చప్పిడి పప్పు సగం కలిపితే ఇద్దరికీ ఒకే కూర. ఇంట్లో గరిటె పట్టేది మనమైతేనే ఉప్పూ కారం మన మాట వింటాయి. బయటి కూరకు కూడా అంతో ఇంతో కళ్లెం వేయగలిగానంటే ఆ గిన్నెడు పప్పు వల్లే.

ఇండక్షన్ స్టవ్ గురించి అందరూ మొదట చెప్పే మాట "అదొకటి కొంటే అయిపోతుందిగా". అంత తేలిక కాదు. 2000 వాట్ల స్టవ్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. ఫోన్ ఛార్జర్ పెట్టుకునే చిన్న 6 ఆంపియర్ల ప్లగ్‌లో పెడితే ప్లగ్ కాలిపోతుంది. పెద్ద 16 ఆంపియర్ల ప్లగ్ కావాలి. మా ఇంట్లో అవి రెండే: ఒకటి పడకగదిలో ఏసీది, ఇంకొకటి వెనక వరండాలో వాషింగ్ మెషిన్‌ది. మే నెలలో ఏసీ పీకి కూర వండుతానంటే ఇంట్లో యుద్ధమే. కాబట్టి వరండా. గిన్నెల సంగతి ఇంకొకటి. అల్యూమినియం, రాగి గిన్నెలు ఇండక్షన్ మీద వేడెక్కవు. ఫ్రిజ్ మీద అతికించే అయస్కాంతం గిన్నె అడుగుకు పట్టుకుంటే పనికొస్తుంది, జారిపోతే లేదు. నా ప్రెషర్ కుక్కర్ జారవిడిచింది, పాలగిన్నె పట్టుకుంది. దాంతో ఇండక్షన్ పాలు కాచడానికి, రాగిజావకు, ఆమ్లెట్‌కు పరిమితమైంది. అది చిన్న విషయం కాదు. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా క్యాల్షియం ఉంటుంది. పొద్దున్నే ఒక గ్లాసు జావ తాగితే చిన్నాడి గురించి మధ్యాహ్నం దాకా బెంగ ఉండదు. స్టవ్ మాత్రం బల్ల మీదే పెట్టాలి. మంట కనబడదు కాబట్టి పిల్లలు చెయ్యి పెట్టేస్తారు, గిన్నె దించాక కూడా పైఅద్దం కాసేపు కాలుతూనే ఉంటుంది.

గ్యాస్ సిలిండర్నే హాల్లోకి జరుపుకుందామన్నారు మా ఆయన. నేను ఒప్పుకోలేదు. గ్యాస్ గాలికంటే బరువు, లీకైతే నేల వెంట పాకుతుంది. పక్క గదిలో టైల్స్ కోసే మిషన్ తిరుగుతోంది, దాని వైరు అతుకులతో నేల మీదే పడి ఉంది. పైగా స్టవ్ ఎప్పుడూ సిలిండర్ కంటే ఎత్తులో ఉండాలి, పైపు మీటరున్నర దాటకూడదు. హాల్లో వీటన్నిటికీ చోటెక్కడ? పని జరగని ఇంట్లో, గాలాడే వరండాలో సరైన బల్ల ఉంటే ఆలోచించవచ్చు. పని జరుగుతున్న ఇంట్లో వద్దంటే వద్దు.

పొద్దుటి టిఫిన్‌కు మేం పెద్దగా తడుముకోలేదు. బండి మీద ఇడ్లీ. ఆవిరి మీద ఉడికి, కళ్లముందే పళ్లెం నుంచి తీసింది పిల్లలకు బయటి తిండిలో అన్నిటికంటే నమ్మకం. చట్నీ మాత్రం తెచ్చేదాన్ని కాదు. పచ్చి కొబ్బరి, ఏ నీళ్లో తెలియని నీళ్లు, పొద్దున ఆరు నుంచి ఎండలో బకెట్. ఇంటికొచ్చి నెయ్యి, కందిపొడి వేసి పెట్టేదాన్ని. పెద్దాడు మాత్రం కారం దోశ కావాలని గోల. మన ఊరి పిల్లాడు, అడక్కుండా ఎలా ఉంటాడు? ఆదివారం ఒక్కటి. ఇడ్లీని న్యూస్‌పేపర్లో చుట్టి ఇస్తే తీసుకోకండి, అచ్చు సిరా వేడికి తిండిలోకి దిగుతుందని ఆహార భద్రతా సంస్థ 2023లో కూడా హెచ్చరించింది.

స్విగ్గీ, జొమాటోలను ఈ పోటీలో చేర్చబుద్ధి కాలేదు. రెండుసార్లు తెప్పించాం, పెద్దాడు రెండుసార్లూ బిర్యానీయే అడిగాడు. చిన్నాడికి అందులో తినేది ఏమీ లేదు.

పై పోర్షన్ అక్క "ఒక పొయ్యి నీదే అనుకోమ్మా" అంది. ఆమె మంచితనానికి వంక పెట్టను. కానీ మెట్లెక్కి దిగుతూ, ఆమె వంట అయ్యేదాకా ఆగుతూ, ఆమె సిలిండర్ ఎంత అయిందో లెక్కపెట్టుకుంటూ ఎన్నాళ్లు? మొహమాటం కూడా ఖర్చే. వాంతులైన మర్నాడు పెద్దాడికి జావ కాచింది మాత్రం ఆ పొయ్యి మీదే. ఇలాంటి అక్క ఉంటే అవసరానికి దాచుకోండి, రోజూ వాడేయకండి.

సెలవులు కాబట్టి కావలిలో అమ్మ దగ్గరికి పంపించడం అన్నిటికంటే మేలని నా మనసుకు తెలుసు. పెద్దాణ్ని పదిరోజులు పంపాను. పోయినప్పటికంటే బుగ్గలు నిండి వచ్చాడు. చిన్నాడు నన్ను వదిలి ఉండడు, అమ్మకు మోకాళ్ల నొప్పులు. రెండున్నరేళ్లవాణ్ని ఆమె మీద వదిలి నేను ఇక్కడ మేస్త్రికి కాపలా ఉండలేను.

జూన్ 12న బడి తెరిచారు. అక్కడి నుంచి పెద్దాడి మధ్యాహ్నం సమస్య దానంతటదే తీరింది. వాడిది మునిసిపల్ స్కూలు, మామూలుగా బాక్సు పట్టుకెళ్తాడు. పొద్దున ఎనిమిదికి బాక్సు కట్టాలంటే కర్రీ పాయింట్ తెరవదు, ఇడ్లీ కడితే పన్నెండుకల్లా రాయి. అందుకని బడిలోనే తినమన్నాను. 2024 నుంచి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు కదా, ఆ మధ్యాహ్న భోజనం. అప్పుడే వండింది, గుడ్డుతో, స్నేహితుల పక్కన కూర్చుని. గంటల తరబడి డబ్బాలో మగ్గిన అన్నంతో దీనికి పోలికే లేదు. ఇన్నాళ్లూ బాక్సు పంపింది పరువు కోసమా, పోషణ కోసమా అని నాకే అనుమానం వచ్చింది. వంటిల్లు వచ్చాక కూడా వాడు బాక్సు వద్దన్నాడు.

చిన్నాడికి కరెంటు పోయిన రోజు అంగన్‌వాడీలో ఇచ్చిన బాలామృతం ఆదుకుంది. పై అక్క ఫ్లాస్క్‌లో వేడినీళ్లిచ్చేది, కలిపితే అయిపోయేది. మూడేళ్లు నిండేదాకా ఇస్తారు, మన ఇంట్లో అది డబ్బా అడుగున పడి ఉంటుంది. అటుకులు, పెరుగు, అరటిపండు ఎప్పుడూ చేతికందేలా పెట్టుకున్నాం. గిన్నెలు తోమడానికి బాత్రూం తప్ప చోటు లేక మొదటి వారం ఇబ్బంది పడ్డాం. తర్వాత వెనక వరండాలో కుళాయి ఒకటి పెట్టించాను. మొదటి రోజే పెట్టించాల్సింది.

మా తోటికోడలు నవంబర్‌లో వాళ్ల వంటిల్లు తీయిస్తానని ఫోన్ చేసింది. నవంబర్ వద్దన్నాను. మన నెల్లూరుకు అసలు వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకానే. తుపాను పట్టిందంటే వరండాలో వంట ఉండదు, కర్రీ పాయింట్ తెరవదు, కరెంటూ ఉండదు. సంక్రాంతి దాటాక పెట్టుకో, గట్టు పగలగొట్టే ముందు వరండాలో ఒక 16 ఆంపియర్ల పాయింట్, ఒక కుళాయి వేయించుకో అన్నాను. "మేస్త్రి పది రోజులంటున్నాడక్కా" అంది.