ఫోన్ రిసీవర్ చిప్: సూపర్‌హెట్, జీరో ఐఎఫ్, లో ఐఎఫ్‌లలో ఏది మేలు?

ఎవరైనా ఈ ప్రశ్న వేస్తే నేను ముందు అడిగేది ఒకటే, ఛానెల్ వెడల్పెంత?

ఈ మూడూ యాంటెన్నా పట్టిన రేడియో సిగ్నల్‌ని తక్కువ ఫ్రీక్వెన్సీకి దించే పద్ధతులు, ఆ దించిన ఫ్రీక్వెన్సీయే ఐఎఫ్. సూపర్‌హెట్‌ని త్వరగా తేల్చేద్దాం. 1918 నాటి పద్ధతి, పనితనానికి వంక పెట్టలేం. కానీ సిగ్నల్‌ని 70 మెగాహెర్ట్జ్ ఐఎఫ్‌కి దించామనుకోండి, 140 అవతల ఉండి అదే ఐఎఫ్‌కి దిగే అక్కర్లేని సిగ్నల్‌ని, అంటే ఇమేజ్‌ని, ఆపడానికి బ్యాండుకో ఫిల్టర్, ఛానెల్‌ని ఏరడానికి ఇంకో సా (SAW, ధ్వని తరంగాలతో పనిచేసే) ఫిల్టర్ కావాలి, ఇవేవీ చిప్‌లోకి ఎక్కవు. నాలుగు బ్యాండ్ల ఫోన్‌లో ఇవన్నీ పరిచేంత బోర్డు ఎక్కడుంది?

జీరో ఐఎఫ్‌లో ఆ గొడవ లేదు. లోకల్ ఆసిలేటర్‌ని, అంటే సిగ్నల్‌తో కలిపి దాన్ని కిందికి దించడానికి మనమే పుట్టించే ఫ్రీక్వెన్సీని, ఛానెల్ నడిమధ్యే పెడతాం, ఇమేజ్ అంటే మన సిగ్నలే, ఛానెల్‌ని చిప్ లోపలి లో పాస్ ఫిల్టరే ఏరుతుంది. తలనొప్పల్లా డీసీ ఆఫ్‌సెట్, అంటే సున్నా ఫ్రీక్వెన్సీ దగ్గర చేరే అక్కర్లేని వోల్టేజ్. ఆసిలేటర్ సిగ్నల్ కొంచెం యాంటెన్నా వైపు లీకై, తిరిగొచ్చి తనతో తనే మిక్స్ అయ్యి డీసీగా తేలుతుంది. బెంచ్ మీద ఐ, క్యూ (సిగ్నల్‌లో 90 డిగ్రీల తేడా ఉన్న రెండు భాగాలు) చుక్కల గుంపు మధ్యలో ఉండాల్సింది ఓ పక్కకి జరిగి కూర్చుంటుంది, యాంటెన్నా దగ్గర చెయ్యి పెడితే ఇంకాస్త జరుగుతుంది. మొదటిసారి చూసినప్పుడు సోల్డరింగ్ తేడా అనుకుని బోర్డే మార్చేశాను, కొత్త బోర్డూ అదే చేసింది! దీనికి తోడు సీమాస్ (CMOS, మామూలు చిప్ టెక్నాలజీ)లో ఫ్లికర్ నాయిస్, అంటే ఫ్రీక్వెన్సీ తగ్గేకొద్దీ పెరిగే నాయిస్, కూడా సరిగ్గా అక్కడే పోగవుతుంది.

మరి డీసీ దగ్గర ఫిల్టర్‌తో చిన్న గాటు పెట్టి ఆ కాస్త ఫ్రీక్వెన్సీ తీసేస్తే? జీఎస్‌ఎం (2జీ) ఛానెల్ 200 కిలోహెర్ట్జ్‌లే, గాటుతో పాటు సిగ్నలూ పోతుంది. 5 మెగాహెర్ట్జ్‌ల డబ్ల్యూసీడీఎంఏ (3జీ)లో అదే గాటు పట్టించుకోవాల్సినంత కాదు. ఎల్‌టీఈ (4జీ)లో టవర్ నుంచి ఫోన్‌కి వచ్చే డౌన్‌లింక్‌లోనైతే ఛానెల్‌ని చీల్చిన సన్నని ముక్కల్లో మధ్యదాన్ని, అంటే మధ్య సబ్‌క్యారియర్‌ని, స్టాండర్డే ఖాళీగా వదిలేసింది.

లో ఐఎఫ్ తెలివి జీఎస్‌ఎంలోనే కనిపిస్తుంది. ఐఎఫ్ 100 కిలోహెర్ట్జ్ పెడితే డీసీ, ఫ్లికర్ గొడవ ఛానెల్ అంచుకి పోతుంది, ఇమేజ్ పక్క ఛానెల్ మీద పడుతుంది. ఆ పక్క ఛానెల్ మనకంటే 9 డీబీ బలంగా ఉన్నా తట్టుకోవాలంటుంది స్పెక్, అంతవరకైతే ఐ, క్యూ మ్యాచింగ్‌తో (రెండు దారుల్నీ సమానంగా ఉంచి) లాగించొచ్చు. 200 పెట్టామో, ఇమేజ్ 400 అవతలి ఛానెల్ అవుతుంది, అక్కడ స్పెక్ 41 డీబీ! అందుకే 100.

కాబట్టి 2జీ మాత్రమే అయితే కళ్లు మూసుకుని లో ఐఎఫ్, 3జీ, 4జీ ఉంటే జీరో ఐఎఫ్. రెండూ కావాలన్నా రెండు రిసీవర్లు అక్కర్లేదు, జీఎస్‌ఎం మోడ్‌లో ఆసిలేటర్‌ని 100 కిలోహెర్ట్జ్ పక్కకి జరిపి, మిగతాది డిజిటల్‌లో చూసుకుంటే సరి. కాకపోతే 3జీలో మన ట్రాన్స్‌మిటర్ ఆగకుండా మోగుతూనే ఉంటుంది, దాని లీకేజీ మిక్సర్‌లో సెకండ్ ఆర్డర్ డిస్టార్షన్‌గా మారి నేరుగా బేస్‌బ్యాండ్‌లో, అంటే కిందికి దించిన మన సిగ్నల్ మీదే, దిగుతుంది, షెడ్యూల్‌లో ఐపీ2 (ఆ డిస్టార్షన్‌ని కొలిచే అంకె) క్యాలిబ్రేషన్‌కి ఓ వారం ముందే తీసిపెట్టుకోండి.