ముందు హాలు వద్దు, వెనక షెడ్డుకు పోండి

హన్మకొండ నుంచి కాజీపేట పోయే దారిలో, మెయిన్ రోడ్డు వదిలి ఒక సందులోకి తిరిగితే ఈ దుకాణం. బోర్డు మీద పేరంటూ ఏమీ లేదు. 'పాత ఫర్నిచర్ కొనబడును, అమ్మబడును, రిపేరు చేయబడును' అని ఎర్ర అక్షరాలు, అంతే. ఈ మధ్య ముందు భాగం పడగొట్టి అద్దాల హాలు కట్టారు. అద్దం మీద 'వింటేజ్ కలెక్షన్' అని స్టిక్కరు. హాలు కొడుకుది, వెనక రేకుల షెడ్డు తండ్రిది. ఒకే దుకాణమని వాళ్లంటారు గానీ నా లెక్కలో రెండూ వేర్వేరు. షెడ్డుకు ఐదుకు నాలుగున్నర ఇస్తాను. హాలుకు రెండు, అదీ ఏసీ బాగుంది కాబట్టి.

నేను పోయిన పని చిన్నదే. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. సోఫాలో కూర్చుంటే లేవలేదు. ప్లాస్టిక్ కుర్చీ చేతుల మీద బరువు మోపి లేవబోతే అది వెనక్కి జారుతుంది. కాస్త ఎత్తుగా, గట్టి చేతులతో, వీపుకు గాలి ఆడేలా ఉండే కుర్చీ కావాలి. నేను రోడ్లు భవనాల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరైనవాణ్ణి. టేకు చట్రం, కేన్ (పేము బద్దల) అల్లిక ఉన్న కుర్చీలోనే కూర్చుని ఫైళ్లు చూశాను. వాటిని పనికిరావని కండెమ్ చేసి వేలం వేస్తే ఎక్కడికి చేరతాయో కూడా తెలుసు. ఇలాంటి షెడ్లకే.

హాల్లో అడుగు పెట్టగానే కొడుకు ఎదురొచ్చాడు. "సార్, ఇది చండీగఢ్ చైర్. ఒరిజినల్ అయితే ఫారిన్‌ల లక్షలు పలుకుతది. మన దగ్గర ఇరవై ఎనిమిది వేలే."

లక్షల మాట నిజమే. కానీ ఆ కుర్చీ ఎవరి కోసం పుట్టిందో ఆ అబ్బాయికి ఎవరూ చెప్పినట్టు లేదు. దేశ విభజనలో లాహోర్ అటు పోయింది, ఇటు పంజాబుకు రాజధాని లేకుండా పోయింది. అందుకని చండీగఢ్ కట్టారు. ప్లాన్ లె కార్బూజియే అనే ఆర్కిటెక్టుది. దగ్గరుండి కట్టించింది మాత్రం ఎక్కువగా ఆయన కజిన్ పియరీ జానరే. 1951లో వచ్చి 1965 దాకా అక్కడే ఉండిపోయాడు. 1967లో జెనీవాలో పోతే, ఆయన కోరిక ప్రకారం చితాభస్మాన్ని తెచ్చి చండీగఢ్‌లోని సుఖ్నా చెరువులోనే కలిపారు. ఆఫీసులు, యూనివర్సిటీ, లైబ్రరీలు, ఎమ్మెల్యేల హాస్టలు, అన్నీ ఒక్కసారే లేస్తున్నాయి. అన్నిటికీ కుర్చీలు కావాలి, వేలల్లో కావాలి, డబ్బు చూస్తే తక్కువ. అందుకే మామూలు వడ్రంగి చేతి పనిముట్లతో చేయగలిగేలా జానరే, ఆయన జట్టు ఈ కుర్చీలు గీశారు. యూలీ చౌదరి లాంటి మన ఆర్కిటెక్టులూ ఆ పనిలో ఉన్నారు. టేకుకు చెదలు అంత తొందరగా పట్టవు, కేన్ మీద కూర్చుంటే చెమట పట్టదు. పక్కనుంచి చూస్తే తిరగేసిన 'వి' అక్షరంలా కనిపించే ఆ కాళ్లే సీటునూ చేతినీ కూడా మోస్తాయి. గుమాస్తా పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా కూర్చోవడానికి చేసిన కుర్చీ అది.

తర్వాత ఏమైందో మన శాఖల్లో పనిచేసినవాళ్లు ఊహించుకోగలరు. పాతబడ్డాయని మేడల మీద గుట్టలు పోసి, తుక్కు కింద వేలం వేశారు. విదేశీ వ్యాపారులు వచ్చి కొనుక్కుపోయి, బాగు చేసి, పారిస్, లండన్ వేలాల్లో అమ్ముకున్నారు. 2011లో కేంద్ర హోం శాఖ కళ్లు తెరిచి వాటి అమ్మకాలు, ఎగుమతులు ఆపాలని ఆదేశం ఇచ్చింది.

సరే, మన హాల్లో కుర్చీ సంగతి. నేను అలవాటు కొద్దీ తిరగేసి చూశాను. కొడుకు ముఖం కొంచెం మారింది. అసలు కుర్చీలకు ఏ ఆఫీసుదో తెలిసేలా తెల్ల పెయింటుతో అక్షరాలు, నంబర్లు ఉంటాయి. దీనికీ ఉన్నాయి, నిన్నగాక మొన్న వేసినట్టు తళతళలాడుతూ. గోటితో గీస్తే ఊడివచ్చింది. "అది డిజైన్ సార్" అన్నాడు. చేత్తో కేన్ అల్లడానికి ఉండాల్సిన బెజ్జాలు సీటు చట్రానికి లేవు. మిషన్ మీద నేసిన కేన్ షీటును గాడిలో కుక్కి, పైన పుల్ల కొట్టారు. అది ఒకచోట తెగితే మొత్తం పీకి పారేయాల్సిందే. కొత్త సామాను కొత్త సామానని అమ్మితే నాకేం అభ్యంతరం లేదు. ధర మాత్రం పాతదాని పేరు మీద అడుగుతున్నాడు.

హాల్లో కుర్చీలన్నీ ఇంత సాదాగా ఎందుకుంటాయని అడిగితే "మినిమల్ లుక్ సార్" అన్నాడు. లుక్కు సంగతి తర్వాత, ఈ సాదాతనం కరువులోంచి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌లో బాంబులు పడి ఇళ్లు పోయినవాళ్లున్నారు, కొత్తగా పెళ్లయినవాళ్లున్నారు, కలప లేదు. 1943 నుంచి ప్రభుత్వమే డిజైన్లు ఖరారు చేసి, అవే చేయాలని కంపెనీలకు చెప్పి, రేషను లెక్కన యూనిట్లు ఇచ్చి అమ్మించింది. 1948లో రేషను తీసేసినా, ఆ పథకం 1952 దాకా నడిచింది. యుద్ధం ఆగినా కలప దొరక్క, ఎర్నెస్ట్ రేస్ అనే ఆయన విమానాల తుక్కు అల్యూమినియం కరిగించి 1945లో బీఏ అనే కుర్చీ పోత పోశాడు. రెండున్నర లక్షలకు పైగా చేశారు. హాల్లో మూలన ఒంపు తిరిగిన ప్లైవుడ్ కుర్చీ నకలు కూడా ఉంది. దాని అసలు చేసిన అమెరికన్ భార్యాభర్తలు చార్లెస్, రే ఈమ్స్ ఆ వంచే విద్యను పదును పెట్టుకున్నది 1942లో, నేవీ వాళ్లకు విరిగిన కాళ్లకు కట్టే బద్దలు చేస్తూ. వాళ్లే 1958లో మన దేశానికి వచ్చి, ప్రభుత్వానికి రిపోర్టు ఇచ్చారు. దాని ఫలితమే 1961లో అహ్మదాబాదులో మొదలైన జాతీయ డిజైన్ సంస్థ ఎన్ఐడీ.

నాకు అన్నిటికంటే నచ్చింది డెన్మార్క్ కథ. అక్కడి వినియోగదారుల సహకార సంఘాల సమాఖ్య ఎఫ్‌డీబీ, 1942లో బోర్గె మోగెన్సెన్ అనే డిజైనర్ని ఫర్నిచర్ విభాగానికి పెద్దగా పెట్టుకుని, మామూలు జీతగాళ్ల ఇరుకు ఇళ్లకు పనికొచ్చే సామాను గీయమంది. 1947లో ఆయన గీసిన జే39 కుర్చీ ఇప్పటికీ తయారవుతోంది. చెక్క చట్రం, కాగితపు తాడు అల్లిన సీటు, అంతే. మన ముల్కనూరు రైతుల సహకార సొసైటీ 1956లో పుట్టగానే విత్తనాలు, ఎరువులతో పాటు ఒక డిజైనర్ని కూడా జీతానికి పెట్టుకుని ఉంటే ఎట్లుండేదో ఊహించుకోండి, అట్లాంటిదన్నమాట.

ఇక షెడ్డు. అక్కడ ఫ్యాన్ ఒకటే, లక్క పాలిష్ వాసన, కాళ్ల కింద రంపపు పొట్టు. తండ్రి నన్ను అడిగిన మొదటి మాట: "మీ అమ్మ ఎంత ఎత్తుంటది సారూ? కాళ్లు నేలకు ఆనకపోతే ఎంత మంచి కుర్చీ అయినా దండుగ." నేను పదిహేడు అంగుళాలు అంటే ఒప్పుకోలేదు. మంచం మీద కూర్చోబెట్టి మడమ నుంచి మోకాలి మడత దాకా కొలిచి రమ్మన్నాడు. పదహారుంపావు వచ్చింది. షోరూముల్లో నన్ను ఈ ప్రశ్న అడిగినవాడు లేడు.

ఆయన తీసిచ్చింది ఏదో ఆఫీసు కుర్చీ. నల్లగా మురికి పట్టి ఉంది, చేతుల చివర్లు మాత్రం ఎందరో పట్టుకుని నున్నగా అరిగాయి. స్క్రూ ఒక్కటి లేదు, అంతా బెజ్జాలు కొట్టి బిగించిన పనే. చెక్క సుత్తితో తట్టి ఏ భాగానికి ఆ భాగం ఊడదీసి, పాత బంక గీకి, మళ్లీ బిగించాడు. కాళ్లు మా అమ్మ కొలతకు కోశాడు. కేన్ అల్లే ఆయన వేరే, వారంలో కొన్ని రోజులే వస్తాడు. ఆయన పని చూడాలి. బద్దలు నీళ్లలో నాననిచ్చి, ముందు నిలువు వరుస, దాని మీద అడ్డం, మళ్లీ నిలువు, మళ్లీ అడ్డం. ఆ తర్వాత రెండు వైపులా ఏటవాలుగా. ఒక్కో బద్ద చట్రం బెజ్జంలోంచి దింపి, లాగి, పుల్ల ముక్కతో బిగిస్తాడు. ఆరిన కొద్దీ అదే డప్పు తోలులా బిగుసుకుంటుంది. మధ్యలో ఒక బద్ద తెగితే ఆ ఒక్కటే మార్చొచ్చు.

కుర్చీ మూడున్నర వేలు, అల్లిక పదిహేను వందలు, పాలిష్ ఎనిమిది వందలు. మొత్తం ఐదు వేల ఎనిమిది వందలు. మా అమ్మ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేస్తోంది. "ఇది మీ ఆఫీసుదా?" అని అడుగుతోంది, నేను ఎత్తుకొచ్చానేమోనని అనుమానం.

షెడ్డుకు అర మార్కు ఎందుకు తగ్గించానంటే, ఒకటి టైం. "రేపు సారూ" అన్న రేపు ఎప్పుడూ రేపే. రెండోది పాలిష్. మెరుపు వద్దు, పలచగా లక్క పూయమని చెప్పినా స్ప్రే కొట్టి అద్దంలా చేశారు. మళ్లీ ఉప్పు కాగితం పట్టి తీయించాను, దానికి డబ్బు అడగలేదు గానీ నా బీపీ పెరిగింది. బిల్లు అడిగితే చిట్టీ రాసిస్తారు.

అసలు టెన్షన్ వేరే. షెడ్డులో టేకు చదువు బల్లలు కొన్ని చూశాను, హాస్టలు కాలం నాటివి, ఒక్కొక్కటి రెండు వేల రెండొందలు. తర్వాత పోయేసరికి వాటిలో ఒకటి హాల్లో ఇత్తడి దీపం నెత్తిన పెట్టుకుని తొమ్మిది వేలకు కూర్చుంది. అదే బల్ల, పక్కన సిరా మరక కూడా అదే. తండ్రిని అడిగితే "పోరని యాపారం సారూ" అని నవ్వాడు.

కాబట్టి పక్క గేటులోంచి నేరుగా షెడ్డులోకి పోండి. కూర్చునేవాళ్ల కొలత తీసుకుని పోండి, సీటు కింద బెజ్జాలున్నాయో లేదో తిరగేసి చూడండి, పాలిష్ ఎలా కావాలో చిట్టీ మీద రాయించండి. ఆదివారం కేన్ ఆయన రాడు. ట్రాలీ ఆటోకు కాజీపేట దాకా మూడొందలు అడుగుతారు, రెండొందల యాభైకి వస్తారు.