ఆంట్‌వర్ప్‌లో ప్లాంటిన్ అచ్చాఫీసు: మూడు గంటలైనా పెట్టుకుని వెళ్లండి

ముందే చెప్పేస్తున్నా, నేను కంపోజిటర్ (అచ్చాఫీసులో అక్షరాలు పేర్చే మనిషి) కొడుకుని, కాబట్టి ఈ రివ్యూలో కాస్త పక్షపాతం ఉంటుంది. బెల్జియంలోని ఆంట్‌వర్ప్‌కి మొదటిసారి ఒక టూర్ బస్సులో వెళ్లాను. ఏ కంపెనీయో ఎందుకులెండి, వాళ్లు చాక్లెట్ షాపుకి గంటన్నర ఇచ్చి ప్లాంటిన్-మోరెటస్ మ్యూజియంకి ముప్పావుగంట ఇచ్చారు. ఆ కోపంతోనే రెండేళ్ల తర్వాత సొంత డబ్బులతో రైలెక్కి మళ్లీ వెళ్లాను, ఈసారి మూడు గంటలున్నా తనివి తీరలేదు.

అచ్చు అనగానే అందరికీ గూటెన్‌బర్గే గుర్తొస్తాడు, న్యాయమే, కానీ ఆయన పనిచేసిన ప్రెస్సు చూద్దామంటే ఈరోజు ఎక్కడా లేదు. ఇక్కడ అలా కాదు. క్రిస్టోఫ్ ప్లాంటిన్ అనే ఫ్రెంచాయన 1576లో తన అచ్చాఫీసుని వ్రైదాగ్‌మార్క్ట్‌కి, అంటే శుక్రవారం సంత దగ్గరికి మార్చాడు. ఆయన తర్వాత అల్లుడు యాన్ మోరెటస్ వంశం తరతరాలుగా అక్కడే నడుపుకుంటూ వచ్చింది. చివరికి 1876లో ఎడ్వర్డ్ మోరెటస్ ఇల్లు, మిషన్లు, లెక్కల పుస్తకాలు అన్నీ కలిపి నగరానికి అమ్మేస్తే మరుసటేడు మ్యూజియం తెరిచారు. సామాను ఎక్కడినుంచో తెచ్చి సర్దింది కాదు, ఎక్కడిదక్కడే ఉంది. 2005లో యునెస్కో వారసత్వ జాబితాలోకి కూడా ఎక్కింది.

ప్లాంటిన్ కథ సినిమాకి తక్కువేం కాదు. ఆయన మొదట బుక్ బైండరు, తోలుపెట్టెలు కూడా చేసేవాడు. ఒక రాత్రి ఓ పెట్టె ఇవ్వడానికి వెళ్తుంటే తాగుబోతులు వేరెవరో అనుకుని కత్తితో పొడిచారని, ఆ దెబ్బతో బరువు పనులు చేయలేక అచ్చులోకి దిగాడని కుటుంబంలో చెప్పుకునేవాళ్లు. 1555లో మొదటి పుస్తకం వేశాడు. 1562లో ఆయన పారిస్‌లో ఉండగా, ప్రెస్సులో మతవిరుద్ధమైన కరపత్రం వేశారని దాడి చేశారు, సామానంతా వేలంలో పోయింది. ఇంకొకరైతే ఊరొదిలి పోయేవాళ్లు. ఈయన మరుసటేడు భాగస్వాముల్ని వెంటబెట్టుకుని మళ్లీ మొదలెట్టాడు! తర్వాత స్పెయిన్ రాజు ఫిలిప్ 2 అండతో హీబ్రూ, గ్రీకు, లాటిన్, అరమాయిక్, సిరియాక్ భాషల్లో ఎనిమిది సంపుటాల బైబిల్ వేశాడు. తమాషా ఏమిటంటే, ఓ చేత్తో కాథలిక్ రాజుకి ప్రార్థన పుస్తకాలు అచ్చేస్తూనే ఇంకో చేత్తో ‘ఫ్యామిలీ ఆఫ్ లవ్’ అనే నిషేధిత మతశాఖతో లోపాయికారీగా సంబంధం పెట్టుకున్నాడు. నాకు ఇలాంటి మనుషులంటేనే ఇష్టం.

ప్రెస్ గదిలో చెక్క ప్రెస్సులు కిటికీల వెలుగులో వరసగా ఉంటాయి, చివర్న ఉన్న రెండు సుమారు 1600 నాటివి, ప్రపంచంలో మిగిలిన వాటిలో అన్నిటికంటే పాతవి. ఒక్కో ప్రెస్సుకి ఇద్దరు మనుషులు, ఒకడు తోలుముద్దలతో సిరా అద్దాలి, రెండోవాడు కాగితం పెట్టి కమ్మీ లాగాలి. అలా రోజుకి సుమారు 1,250 కాగితాలు రెండువైపులా వేసేవాళ్లట, వాళ్ల భుజాలేమయ్యేవో! ఆ పక్కనే అక్షరాల కేసులు, అంటే సీసపు అక్షరాలు పెట్టుకునే గళ్ల పెట్టెలు. మన తెలుగు కేసుల్లో గుణింతాలు, వత్తులు అన్నీ కలిపి వందల గళ్లుంటే, వీళ్లవి చూస్తే ఇంతేనా అనిపించింది. అక్షరాల పిచ్చి ఉన్నవాళ్లకి ఇంకో మాట, ఫ్రెంచ్ అక్షరశిల్పి గారమాండ్ సొంతగా చెక్కిన అక్షరాల పంచ్‌లు (అక్షరం అచ్చు తయారుచేసే ఉక్కు ముద్రలు) కూడా ఇక్కడే ఉన్నాయి.

నేను ఎక్కువసేపు నిలబడిపోయింది మాత్రం ప్రూఫ్‌రీడర్ల గదిలో. కిటికీ పక్కన పెద్ద ఓక్ బల్ల. ఇక్కడ పనిచేసిన వాళ్లలో కొర్నేలిస్ కిలియాన్ ఒకడు, డచ్ నిఘంటువు తయారుచేసినాయన. అంతకంటే మనసుకి పట్టింది ప్లాంటిన్ కూతురు మగ్దలేనా సంగతి. ఐదు భాషల బైబిల్ ప్రూఫులు పట్టుకుని పండితుడు ఆరియాస్ మోంటానో ఇంటికి వెళ్లి, మూలం చదివి వినిపించేది ఈ పిల్లేనని తండ్రే ఒక ఉత్తరంలో రాశాడు. అప్పటికి ఆ అమ్మాయి వయసు సుమారు పదమూడేళ్లే. నేను ఆ వయసులో నాన్న తెచ్చిన పెళ్లికార్డుల ప్రూఫులో వరుడి ఇంటిపేరు తప్పు చూడక తన్నులు తిన్నాను.

రూబెన్స్ వేసిన కుటుంబ చిత్తరువులు కూడా ఉన్నాయి, బొమ్మల మీద ఇష్టమున్నవాళ్లకి అవే గంట పడతాయి, నేను త్వరగా దాటేశాను. సోమవారం వెళ్లకండి, సెలవు. లోపల వెలుతురు తక్కువ, పాత కాగితం, తోలు ఎండ తగిలితే పాడవుతాయి కాబట్టి. అందుకే కళ్లద్దాలు మర్చిపోవద్దు. చెక్కమెట్లు ఎక్కి దిగాల్సిందే, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని తీసుకెళ్తే నెమ్మదిగా తిప్పండి.

బయటికొచ్చి బెంచీ మీద కూర్చుని అక్షరాల కేసుల ఫొటోలు నాన్నకి పంపాను. కాసేపటికి ఫోన్ చేశాడు. బాగున్నాయనీ అనలేదు, బాగోలేవనీ అనలేదు. “ఇన్నేళ్లలో ఎవడికీ ఆ సీసం కిలోల లెక్కన అమ్మేద్దామని అనిపించలేదట్రా?” అని అడిగాడు.