ఫైనల్ మధ్యలో తాళం పడిన స్క్రీన్: మారతహళ్ళి గేమింగ్ కేఫ్ రివ్యూ

బెంగళూరులో మారతహళ్ళి బ్రిడ్జి దాటి కలామందిర్ వైపు వెళ్తుంటే సందులో ఒక దర్శిని, అంటే నిలబడి తినే చిన్న హోటల్, దాని పైన రెండో అంతస్తులో గేమింగ్ కేఫ్. దాని గురించే ఇది. పేరు రాయడం లేదు. ఇందులో తిట్లున్నాయి, ఆ యజమానేమో మంచివాడు. దర్శిని ముందు నిలబడి కాఫీ తాగుతూ తల పైకెత్తితే అద్దాల వెనక ఎర్ర లైట్లు కనిపిస్తాయి, అదే.

ఊరికే గంటసేపు ఆడుకుని వచ్చేద్దాం అనుకునేవాళ్ళకి ఇదంతా అక్కర్లేదు. సిస్టమ్‌లు బాగున్నాయి, ఏసీ చల్లగా ఉంది, గంటకి 80 రూపాయలు, వెళ్ళండి. నేను రాస్తున్నది అక్కడ పోటీ పెట్టాలనుకునే వాళ్ళకి. మేం పెట్టాం. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ టూ, అంటే ఊళ్ళు కట్టి సైన్యాలతో కొట్టుకునే కంప్యూటర్ ఆట, ఒక్కొక్కరితో ఒక్కొక్కరు, 16 మంది, ఒక ఆదివారం ఉదయం 10 నుంచి సాయంత్రం 6 దాకా.

మాది కాకినాడ. 2002లో మా అన్నయ్య కంప్యూటర్‌లో, వాడు ట్యూషన్‌కి వెళ్ళిన గంటన్నరలో నేర్చుకున్నాను ఈ ఆట. 1999లో వచ్చిన గేమ్, 2000లో దానికి అదనపు భాగంగా వచ్చిన కాంకరర్స్, రెండూ కలిపి ఎవరో బర్న్ చేసిచ్చిన సీడీ. దాన్ని తయారుచేసిన ఎన్‌సెంబుల్ స్టూడియోస్‌ని మైక్రోసాఫ్ట్ మూసేసి ఎన్నో ఏళ్ళయింది. ఆట మాత్రం పోలేదు. 2019లో దాన్నే కొత్తగా తీర్చిదిద్దిన డెఫినిటివ్ ఎడిషన్ వచ్చాక మళ్ళీ పట్టుకుంది నన్ను. ఆఫీసులో ఒకరు, పీజీలో ఇద్దరు, వాళ్ళ బావమరుదులు అంటూ వాట్సాప్ గ్రూపు ఒకటి తయారైంది. అందరం తెలుగువాళ్ళమే, అందరం ఆన్‌లైన్‌లోనే. ఒకసారి పక్కపక్కన కూర్చుని ఆడదాం అక్కా అని ఏలూరు తమ్ముడు అన్నాడు, అన్న పాపానికి పని మాత్రం నా మీద పడింది.

మొదట లెక్క చెప్తాను. మ్యాచ్‌లకి 8 సిస్టమ్‌లు, టీవీలో చూపించడానికి ఒకటి, ఏదైనా పాడైతే వాడుకోవడానికి ఒకటి, మొత్తం 10. ఎనిమిది గంటలకి 6,400 రూపాయలు. మనిషికి 400 వసూలు చేస్తే సరిగ్గా అంతే. బహుమతికి పైసా మిగల్లేదు, దాంతో మా అన్నయ్య పంపిన గొట్టం కాజాల డబ్బానే మొదటి బహుమతి అయింది.

టైమ్ లెక్క వేసేటప్పుడు కొత్తవాళ్ళు ఒక దగ్గర బోల్తా పడతారు. ఈ గేమ్ మామూలు వేగమే అసలు గడియారానికి 1.7 రెట్లు. అంటే ఆటలో గడియారం గంట చూపిస్తే మన గోడ గడియారంలో 35 నిమిషాలే. రికార్డింగులు చూసి మ్యాచ్‌కి గంట అనుకుంటే ఎక్కువ డబ్బు కట్టేస్తారు. సగమే అనుకున్నారా, కొత్తగా ఆడేవాళ్ళిద్దరు ఎదురెదురుగా పడి, ఇద్దరూ భయస్తులై, గోడలు కట్టుకుని కూర్చుంటే మీ షెడ్యూల్ గంగలో కలుస్తుంది. మేం అందుకే అన్నీ అరేబియా మ్యాప్‌లోనే పెట్టాం. మైదానంలా ఉంటుంది, దాక్కోవడానికి పెద్దగా చోటుండదు. అంతా అడవితో నిండిన బ్లాక్ ఫారెస్ట్ మ్యాప్ పెట్టమని విజయనగరం ఆయన వారం రోజులు బతిమాలాడు. పెట్టుంటే ఈపాటికి ఇంకా అక్కడే ఉండేవాళ్ళం.

కేఫ్ వాళ్ళు గేమ్ ముందే డౌన్‌లోడ్ చేసి పెడతామన్నారు, పెట్టారు కూడా. కాకపోతే పాత వెర్షన్. అందరిదీ ఒకే వెర్షన్ అయితేనే ఒకరితో ఒకరు ఆడగలరు. నేను శనివారం సాయంత్రమే వెళ్ళి చూశాను కాబట్టి సరిపోయింది, రాత్రంతా అప్‌డేట్‌లు పెట్టించాను. మీరు కూడా ముందు రోజు వెళ్ళి ఒక సిస్టమ్‌లో గేమ్ తెరిచి, లాబీ దాకా, అంటే మ్యాచ్‌కి ముందు ఆటగాళ్ళు చేరే చోటు దాకా, వెళ్ళి చూడండి. ఫోన్‌లో "ఉంది మేడమ్, రెడీ మేడమ్" అంటే నమ్మకండి.

ఇంకోటి, పాత రోజుల్లోలా ఒకే సీడీ ఎనిమిది కంప్యూటర్లలో వేసి వైరు కలిపి ఆడేయడం కుదరదు. గేములు కొనుక్కునే స్టీమ్‌లో ఎవరి అకౌంట్ వాళ్ళది, ఎవరి కాపీ వాళ్ళది. కొత్త కంప్యూటర్‌లో లాగిన్ అయితే, దాని యాప్ పెట్టుకోనివాళ్ళని స్టీమ్ మెయిల్‌కి పంపిన కోడ్ అడుగుతుంది. రెండో అంతస్తు మూల గదిలో ఫోన్ సిగ్నల్ లేదు. పదింటికి మొదలవ్వాల్సిన మొదటి మ్యాచ్‌కి ముందు, నలుగురు మగవాళ్ళు ఫోన్లు పైకి పట్టుకుని మెట్ల మీద నిలబడి అంకెలు చదువుతుంటే, లోపల కూర్చున్నవాళ్ళు అరుచుకుంటూ టైప్ చేశారు. కేఫ్ వైఫై పాస్‌వర్డ్ గోడ మీద రాసి పెడితే ఈ గొడవ ఉండదు కదా. అడిగితే "ఐదు నిమిష మేడమ్" అన్నాడు కౌంటర్ కుర్రాడు. పావుగంట పట్టింది.

ఆడేటప్పుడు మాత్రం వంక పెట్టడానికి లేదు. కుర్చీలు మంచివి. మానిటర్లు 144 హెర్ట్జ్‌వి, మన ఆటకి అంత అవసరం లేదు గానీ కళ్ళకి హాయిగా ఉంది. నెట్ ఎనిమిది గంటల్లో ఒక్కసారి కూడా తడబడలేదు. మౌస్‌లు కొత్తవి. వాటి మీద యజమానికి ప్రాణం. మధ్యాహ్నం మేం మున్నేకొలాల వైపు ఆంధ్రా మెస్‌కి వెళ్ళి గోంగూర, ముద్దపప్పు, నెయ్యి కలిపి కుమ్మి వచ్చాం. యజమాని తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కరి చేతులూ చూసి "కై తొళ్కొండు బన్ని", చేతులు కడుక్కుని రండి, అని మళ్ళీ కిందికి పంపాడు. నాకు నచ్చింది. నా ఇంట్లో కూడా అలాంటి మనిషి ఒకరుంటే బాగుండు.

కిందికి అన్నాను కదా, అదొక సమస్య. పైన బాత్రూమ్ లేదు. కింద దర్శిని వాళ్ళదే అందరికీ. గడియ సరిగా పడదు. 16 మందిలో నేనూ, బీటీఎం నుంచి వచ్చిన ఇంకో అమ్మాయీ, ఇద్దరమే ఆడవాళ్ళం; ఒకరు వెళ్తే ఒకరు కాపలా. యజమానికి చెప్పాను, తల ఊపాడు.

టీవీ సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది ఇంట్లో కూర్చుని ఆలోచిస్తే తట్టదు. 55 అంగుళాల టీవీకి ఒక సిస్టమ్ కలిపి, చూసేవాళ్ళ కోసం ఆట పెట్టాం. అందులో ఇద్దరి సైన్యమూ కనిపిస్తుంది. కేఫ్ వాళ్ళు టీవీని ఆడేవాళ్ళ ఎదురుగోడకి బిగించారు. అంటే ఆడేవాడు తల కొంచెం ఎత్తితే ఎదుటివాడి ఊరంతా కనిపిస్తుంది! అడిగితే పాపం స్టాండ్ తెచ్చి కారిడార్ వైపు తిప్పిపెట్టారు. అయినా చూసేవాళ్ళ నోళ్ళు మూయలేం కదా. "బావా, వెనకాల టవర్ కడుతున్నాడ్రా" అని గుంటూరు ఆయన బావమరిది అరిచేశాడు. అదృష్టం ఏంటంటే లాబీ పెట్టేటప్పుడు చూసేవాళ్ళకి రెండు నిమిషాలు ఆలస్యంగా కనిపించేలా పెట్టాను. వాడు అరిచేసరికి టవర్ కట్టడం అయిపోయి, గుంటూరు ఆయన బంగారం గని దగ్గర పనివాళ్ళు ఇద్దరు చచ్చిపోయి కూడా ఉన్నారు. ఆన్‌లైన్ దొంగల కోసం పెట్టిన ఆ సెట్టింగ్ ఒకే గదిలో ఇంకా బాగా పనికొచ్చింది.

రాజమండ్రి ఆయన గురించి రెండు ముక్కలు చెప్పకపోతే నిద్ర పట్టదు. 2022లో ఈ ఆటకి అదనపు భాగంగా వచ్చిన డైనాస్టీస్ ఆఫ్ ఇండియాలో ద్రవిడియన్స్ అనే జాతి ఉంది. వాళ్ళ సైనికులు మాట్లాడేది తమిళం. కాకతీయులు, విజయనగర రాజులు ఉండగా మనకి ఒక్క తెలుగు ముక్కైనా పెట్టలేదని ఈయనకి బాధ. అయినా వాళ్ళతోనే ఆడతాడు, కారణం వుట్జ్ స్టీల్. ఆ టెక్నాలజీ వస్తే కాల్బలం, గుర్రాల కత్తులకి ఎదుటివాడి కవచాలు అడ్డు రావు. వుట్జ్ అన్న మాట కన్నడలోనూ మన తెలుగులోనూ ఉన్న ఉక్కు అన్న మాటలోంచే పుట్టింది, నిజామాబాద్ వైపు కోనసముద్రంలో ఆ ఉక్కు చేసేవాళ్ళు అని ఆయన ప్రతి మ్యాచ్ ముందూ చెప్తాడు. నిజమే. కానీ అది ఆటలో ఆఖరి దశ అయిన ఇంపీరియల్ ఏజ్‌లో వస్తుంది. ద్రవిడియన్స్‌కి నైట్‌లు, అంటే కవచాల గుర్రపు రౌతులు, లేరు, అరేబియానేమో మైదానం. దానికి ముందు దశ క్యాజిల్ ఏజ్‌లోనే నెల్లూరు ఆయన గుర్రాలొచ్చి పడ్డాయి. ఉక్కు దాకా వెళ్ళకుండానే ఊరు పోయింది. పది ముప్పావుకే ఇంటికెళ్ళాల్సి వచ్చింది, పాపం ఎలక్ట్రానిక్ సిటీ నుంచి వచ్చిన మనిషి. ఈ తప్పు కేఫ్‌ది కాదు, నాది. ఒక్కసారి ఓడితే ఔట్ అని పెట్టాను. ఈ ట్రాఫిక్‌లో గంటన్నర ప్రయాణం చేసి వచ్చినవాడికి కనీసం రెండు మ్యాచ్‌లైనా ఉండాలి.

ఇక కరెంటు. క్వార్టర్ ఫైనల్స్‌లో, రెండుంపావు ప్రాంతంలో, రెండే రెండు సెకన్లు పోయింది. పది సిస్టమ్‌లలో ఏడింటికే యూపీఎస్ ఉందని అప్పుడు తెలిసింది. మిగతా మూడు ఆరిపోయి మళ్ళీ లేచాయి. అందులో ఒకటి స్పేర్, ఒకటి మ్యాచ్ అయిపోయిన బల్ల. మూడోది గుంటూరు ఆయనది, ఆయనేమో గెలుస్తున్నాడు. ఇద్దరే ఆడే ఆటలో ఒకరు పడిపోతే రెండోవాళ్ళు గెలిచినట్టే లెక్క. ఎదుట ఉన్న విజయనగరం ఆయన తాపీగా చాట్‌లో 13 కొట్టాడు. తెలియనివాళ్ళకి, 13 అని కొట్టి ఎంటర్ నొక్కితే నీ ఇంటర్నెట్ కంపెనీ మీద తోసేయ్ అని ఎగతాళి చేసే గొంతు వినిపిస్తుంది. గది మొత్తం పగలబడి నవ్వింది, గుంటూరు ఆయన తప్ప.

నా రూల్స్ కాగితంలో దీని గురించి లేదు. టీవీ సిస్టమ్‌లో వెనక్కి చూస్తే గుంటూరుకి 68 మంది పనివాళ్ళు, విజయనగరానికి 51. తీర్పు ఇచ్చేయాల్సింది. నేను మెత్తబడి మళ్ళీ ఆడండి అన్నాను. గుంటూరు ఆయన ఓడిపోయాడు. అసలే ఆ సిస్టమ్‌లు రీబూట్ అయితే అందులో పెట్టుకున్నవన్నీ చెరిగిపోయేలా సెట్ చేశారట, ఆయన హాట్‌కీలన్నీ, అంటే తనకి అలవాటైన మీటల అమరిక, పోయాయి, గుర్రాలకి నొక్కితే కమ్మరి కొట్టు కనిపించింది అంటాడు. ఆయన నాతో ముభావంగా ఉండి రెండు వారాలైంది. మీరు వెళ్తే హాట్‌కీ ఫైల్ పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి, గోడవైపు ఉన్న ఆ మూడు సీట్లలో ఎవరినీ కూర్చోబెట్టకండి.

ఇవన్నీ సర్దుకుపోగలిగినవే. నేను నిజంగా తిట్టేది టైమర్‌ని.

ఫైనల్, నెల్లూరు ఆయనకీ ఏలూరు తమ్ముడికీ. మూడింటిలో రెండు గెలవాలి. చెరొకటి గెలిచారు. మూడోది ఐదూ ఇరవైకి మొదలైంది. ఓడిన 14 మందిలో తొమ్మిది మంది ఇంటికి పోకుండా టీవీ ముందు నిలబడి ఉన్నారు. నెల్లూరు ఆయన నలభై గుర్రాలు కూడగట్టి ఏలూరు కోట వైపు బయల్దేరాడు. ఏలూరు దగ్గర గుర్రాలని ఆపే బల్లేలవాళ్ళు తయారవుతున్నారు, చాలినంత మంది అవుతారా అవ్వరా అన్నట్టుంది. సరిగ్గా ఆరు. పది సిస్టమ్‌లూ, టీవీతో సహా, నీలం రంగు తెర. మీ సమయం ముగిసింది, కౌంటర్‌లో సంప్రదించండి.

కౌంటర్‌లో కుర్రాడు లేడు. టీ తాగడానికి కిందికెళ్ళాడు.

నీలం తెర పడినా వెనకాల ఆట ఆగలేదు. ఎఫ్‌3 నొక్కితే పాజ్ అవుతుంది, కానీ తెరకి తాళం పడితే ఏ మీటా పనిచేయదు. ఇద్దరూ హెడ్‌ఫోన్లు పెట్టుకునే ఉన్నారు. శబ్దం మాత్రం వస్తోంది. గుర్రాల సకిలింపులు, కత్తులు, ఏదో కూలిన చప్పుడు. ఎవరిది కూలిందో తెలియదు. నెల్లూరు ఆయన కళ్ళు మూసుకుని వింటున్నాడు. ఏలూరు తమ్ముడు బల్లేలవాళ్ళని పుట్టించే మీటని తాళం పడిన కీబోర్డు మీదే టకటకా నొక్కుతూ కూర్చున్నాడు. నేను మెట్లు దిగి పరిగెత్తాను.

నాలుగు నిమిషాలు. తెర తెరుచుకునేసరికి నలభై గుర్రాల్లో ఆరు మిగిలాయి. కోట నిలబడే ఉంది, పక్కన రెండు ఇళ్ళు కూలాయి. ముందే ఇచ్చిన ఆజ్ఞ ప్రకారం గుర్రాలు నేరుగా కోట బాణాల కిందికి నడిచాయి, వెనక్కి తిప్పే చెయ్యి లేకపోయింది. నేను మళ్ళీ ఆడదామా అని నోరు తెరిచేలోపే నెల్లూరు ఆయన చెయ్యి అడ్డం పెట్టి "వద్దమ్మా, ఇద్దరికీ చీకటే కదా" అన్నాడు. ఇంకో పది నిమిషాలు ఆడి ఓడిపోయాడు. కాజాల డబ్బా ఏలూరు తమ్ముడు తీసుకుని, అక్కడే విప్పి, మొదటిది ఆయన నోట్లో పెట్టాడు.

యజమాని వచ్చి సారీ చెప్పాడు. అదనపు అరగంటకి డబ్బు తీసుకోలేదు. కారణం కూడా చెప్పాడు: అక్కడికొచ్చే పిల్లలు ఆడేవి తుపాకుల ఆటలు, ఒక రౌండ్ అయిపోగానే లేస్తారు, అందుకే సాఫ్ట్‌వేర్ దానంతటదే తాళం వేసేస్తుంది. మన ఆట గడియారం చూసి అయిపోదని ఆయనకి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

మళ్ళీ అక్కడే పెడుతున్నాం. ఈసారి రెండుసార్లు ఓడితేనే ఔట్, కాబట్టి రెండు ఆదివారాలు. 500 అడ్వాన్సు ఇచ్చాను. యూపీఎస్ మిగతా మూడింటికీ పెట్టిస్తానన్నాడు, చూడాలి. బాత్రూమ్ గడియ బాగుచేయించాడట, బీటీఎం అమ్మాయి వెళ్ళి చూసి వచ్చింది. రసీదు మీద నా ఎదురుగానే కన్నడలో రాసి, కింద గీత గీసి ఇచ్చాడు: "టైమర్ ఇల్ల". టైమర్ ఉండదని.