హనుమకొండలో తిండి, ములుగు దారిలో గుట్టలు: మూడు రోజుల సెలవుల్లో మా ట్రిప్పు ఎలా సాగిందంటే

శుక్ర, శని, ఆదివారాలు కలిసొచ్చాయి. మాది కరీంనగర్. నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు, అత్తమ్మ, మొత్తం ఐదుగురం. అత్తమ్మ మోకాళ్లు తట్టుకునేంత దూరమే పోవాలి, మా ఆయనకు గుట్టలు, నీళ్లు కావాలి, నాకైతే మూడు రోజులు వంటింటి మొహం చూడకుండా మంచి తిండి తినాలి. ఇవన్నీ ఒక్కచోట కుదిరేది వరంగల్ వైపే అనుకుని, రెండు రాత్రులకు హనుమకొండలో గది తీసుకున్నాం. పగలంతా గుట్టలు, అడవి, చీకటి పడేసరికి ఊళ్లోకి వచ్చి భోజనం.

ముందు ఈ పద్ధతి గురించే చెప్తా. చాలామంది లక్నవరం చెరువు దగ్గరే గది దొరకాలని ఎంతో ముందు నుంచి తిప్పలు పడతారు. పొద్దున్నే చెరువు మీద మంచు చూడాలంటే అక్కడే పడుకోవాలి, ఆ మాట నిజమే. కానీ చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉన్నప్పుడు రాత్రి పూట మందుల షాపు, వేడి అన్నం, నాలుగు అడుగుల్లో టీ కొట్టు ఉండటం చాలా ధైర్యం. హనుమకొండ నుంచి లక్నవరం 80 కిలోమీటర్ల లోపే, రోడ్డు బాగుంది, మధ్యలో ఆగినవి తీసేస్తే ప్రయాణం రెండు గంటలు పట్టలేదు.

కారు కరీంనగర్‌లోనే మాట్లాడుకున్నాం, ఏడు సీట్లది. రోజు కిరాయి ఎంత, ఎన్ని కిలోమీటర్ల వరకు, దాటితే కిలోమీటరుకు ఎంత, డ్రైవర్ బత్తా ఎంత, అన్నీ ముందే వాట్సాప్‌లో రాయించుకున్నాం కాబట్టి చివర్లో ఒక్క మాట కూడా తేడా రాలేదు. డ్రైవర్ మంచి మనిషి. అత్తమ్మ ప్రతి మూలమలుపులో "బిడ్డా, జెర మెల్లగ పోనియ్యి" అంటే విసుక్కోకుండా "సరే అవ్వా" అంటూ నిజంగానే మెల్లగా పోనిచ్చాడు.

గది విషయంలో మాత్రం బాధపడ్డాం. ముందే డబ్బులు కట్టి, పెద్దావిడ ఉన్నారు, రోడ్డు వైపు గాలి వచ్చే గది ఇవ్వండి అని ఫోన్‌లో రెండుసార్లు చెప్పినా, తీరా పోయాక వెనక జనరేటర్ పక్క గది చేతిలో పెట్టారు. సెలవుల రద్దీ, వేరే ఖాళీ లేదన్నారు. ఆ రాత్రి ఎవరికీ సరిగా నిద్ర లేదు. పొద్దున గట్టిగా అడిగితే మార్చారు, అంటే గది ఉన్నట్టే కదా. దిగగానే సామాను లోపల పెట్టకముందే గది చూసుకోండి.

మొదటి రోజు సాయంత్రం వేయిస్తంభాల గుడికి పోయాం. 1163లో రుద్రదేవుడు కట్టించిన త్రికూటాలయం, శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి. నల్లరాతి నంది మీద చెయ్యి పెడితే అద్దంలా జారుతుంది. జనం బాగా ఉన్నారు, అరగంటలో బయటపడ్డాం, అందరికీ ఆకలి.

ఆ రాత్రి భోజనం గురించి మాత్రం వివరంగా రాయాలి. నక్కలగుట్ట వైపు ఒక సందులో చిన్న భోజనశాల, పది బల్లలు కూడా ఉండవు. గుమ్మం పక్కనే ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని జొన్నరొట్టెలు చేత్తో కొడుతున్నారు, ఆ చప్పుడు విని మా అత్తమ్మే ఇక్కడ తిందాం అంది. రొట్టె పెనం మీద నుంచి నేరుగా పళ్లెంలోకి వస్తుంది, అంచు విరిస్తే ఆవిరి లేస్తుంది. నాటుకోడి పులుసు, బోటి కూర, పిల్లలకు బగారన్నం చెప్పాం. పులుసు చూడగానే నాకు టెన్షన్ పట్టుకుంది, అంత ఎర్రగా ఉంది, చిన్నోడు తినలేడేమో అనుకున్నా. తీరా నోట్లో పెట్టుకుంటే రంగుకు తగ్గ మంట లేనే లేదు, అల్లం ఎల్లిగడ్డ, గసగసాల రుచి ముందు తగిలి కారం తర్వాత మెల్లగా వచ్చింది. అడిగితే రొట్టెలు కొట్టే అక్క "చపాట మిరపకాయ అమ్మా, రంగు దానిది, కారం వేరే కాయది" అంది. వరంగల్ చపాట అంటే పొట్టిగా, లావుగా ఉంటుంది, చూడటానికి టమాటాలా ఉంటుందని టమాటా మిర్చి అని కూడా అంటారు. 2025లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేపర్లో చదివినప్పుడు ఏముందిలే అనుకున్నా కానీ, పళ్లెంలో చూశాక అర్థమైంది. మరునాడు కిలో కారం పట్టించుకున్నా, ఇప్పుడు మా ఇంట్లో మటన్ రంగే మారిపోయింది.

బోటి శుభ్రంగా కడిగి వండారు, వాసన లేదు. ఈ ఒక్క విషయంలో చాలా హోటళ్లు ఫెయిల్ అవుతాయి. బగారన్నం మామూలుగా ఉంది, మా ఇంట్లో దావత్‌కు చేసేదే నయం. బిల్లు ఐదుగురికీ వెయ్యిన్నర దాటలేదు.

రెండో రోజు ఏడింటికే బయలుదేరాం. కేయూ క్రాస్‌రోడ్స్ దగ్గర బండి మీద ఇడ్లీ, పల్లి చట్నీ, పైన కారంపొడి, నెయ్యి. ఆ చట్నీ కోసమైనా అక్కడ ఆగాలి. కటాక్షాపూర్ దాటుతుంటే చెరువు నిండుగా రోడ్డు పక్కకే వచ్చి ఉంది, గట్టి వానలు పడితే ఇక్కడ నీళ్లు రోడ్డెక్కుతాయి, అందుకని వానల్లో పోయేవాళ్లు ముందు రోజే అడిగి తెలుసుకోవాలి. చెలకల గట్ల మీద గునుగు పూస్తోంది. జాకారం దగ్గర గట్టమ్మ తల్లికి కొబ్బరికాయ కొట్టకుండా ఈ దారిన ముందుకు పోవడం మా వైపు వాళ్లకు అలవాటు లేదు, మేడారం పోయేవాళ్లంతా ఆగేది ఇక్కడే. అక్కడి నుంచే దూరంగా గుట్టలు నీలంగా కనపడటం మొదలవుతుంది.

రామప్ప గుడి గురించి నేను కొత్తగా చెప్పేదేముంది. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడు, 2021లో యునెస్కో జాబితాలో చేరింది, నీళ్లలో తేలే ఇటుకలు. కానీ నేను చెప్పాలనుకున్నది చెరువు గురించి. గుడి చూసి అందరూ కారెక్కి లక్నవరం పరుగెత్తుతున్నారు, కొద్ది దూరంలోనే ఉన్న రామప్ప చెరువు కట్ట మీదకు వచ్చింది మాతో కలిపి నాలుగైదు కుటుంబాలే. ఎదురుగా గుట్టలు వరుసగా, ఒకదాని వెనక ఒకటి, వెనక్కి పోయేకొద్దీ రంగు పలచబడుతూ. అత్తమ్మ ఇంటి నుంచి తెచ్చిన సర్వపిండి అక్కడే విప్పాం. నువ్వులు, పల్లీలు, శనగపప్పు వేసి, గిన్నెకు ఒత్తి, వేళ్లతో బొక్కలు పెట్టి కాల్చినది, రెండో రోజుకు ఇంకా రుచి. మూడు రోజుల్లో నేను తిన్నవాటిలో దీన్ని మించింది లేదు, ఇది కట్ట మీద కూర్చుని తిన్నందుకా, అత్తమ్మ చేతికా అంటే రెండింటికీ.

లక్నవరం. అందం గురించి అనుమానం లేదు. కాకతీయుల కాలం వాళ్లు గుట్టల మధ్య ఉన్న ఇరుకు సందులకు మాత్రం చిన్న చిన్న కట్టలు వేసి, మిగతా గోడల పని గుట్టలకే అప్పజెప్పారు, అందుకే ఇది చెరువులా కాకుండా లోయలో నీళ్లు నింపినట్టు ఉంటుంది. 13 దీవులు, వేలాడే వంతెన. పడవలో కొంచెం లోపలికి పోయి వెనక్కి తిరిగి చూస్తే నాలుగు వైపులా పచ్చని గుట్టలే. కానీ సెలవు రోజు శనివారం పదకొండు దాటాక పోతే మాకు జరిగిందే మీకూ జరుగుతుంది. కారు చాలా దూరంలో ఆపాల్సి వచ్చింది, వంతెన మీద ఫొటోలకు నిలబడ్డ జనం మధ్య అత్తమ్మను పట్టుకుని నడిపించడానికి మా ఆయన చెమటలు కక్కాడు, పడవకు గంటకు పైగా లైన్. మళ్లీ వెళ్తే ముందు లక్నవరం, మధ్యాహ్నం తర్వాత రామప్ప పెట్టుకుంటా. ఇంకోటి, మా ఫోన్లకు అక్కడ సిగ్నల్ సరిగా లేదు, ఫోన్‌పే రెండుసార్లు మధ్యలో ఆగిపోయింది. చేతిలో డబ్బులు ఉంచుకోండి.

మధ్యాహ్నం అక్కడే రోడ్డు పక్కన చేపలు. కిలో లెక్కన చేప కొనాలి, వేయించడానికి వేరుగా తీసుకుంటారు. ముందే వేయించి పళ్లెంలో పేర్చినవి వద్దని చెప్పి, మా కళ్ల ముందు తూకం వేసి కోసిన రవ్వ చేప చేయించుకున్నాం, ఇరవై నిమిషాలు ఆలస్యమైనా ఆ ముక్క తీపి వేరే. పక్క బండిలో బొంగు చికెన్ కూడా తీసుకున్నాం. నూనె లేకుండా వెదురు బొంగులో ఉడికిన ముక్క మెత్తగా ఉంది, పొగ వాసన బాగుంది, కానీ ఉప్పు లోపలిదాకా పట్టలేదు, మసాలాలో ఎక్కువసేపు నానబెట్టలేదనిపించింది.

డ్రైవర్ బొగత కూడా చూపిస్తా అన్నాడు. మేము వద్దన్నాం. బొగత జలపాతం చూడాల్సిందే, అయితే అది వాజేడు దగ్గర, ఏటూరునాగారం దాటి గోదావరి మీద వంతెన దాటి పోవాలి, హనుమకొండ నుంచి ఒకవైపే 130 కిలోమీటర్లకు పైన. దానికి ఒక రోజు పూర్తిగా ఇవ్వాలి. లక్నవరంతో కలిపి ఒకే రోజులో చుట్టేస్తే చీకట్లో తాడ్వాయి అడవి దారిలో తిరుగు ప్రయాణం, పిల్లలకు కడుపులో తిప్పడం తప్ప ఏమీ మిగలదు.

ఆ రాత్రి హనుమకొండలో పెద్ద రెస్టారెంట్‌కు పోయి తప్పు చేశాం. పేరు రాయను. యాభై నిమిషాలు బయట కుర్చీల్లో కూర్చున్నాక లోపలికి పిలిచారు, బిర్యానీ మధ్యలో చల్లగా ఉంది, వేడి చేసి ఇవ్వమంటే పైన వేడి గ్రేవీ పోసి తెచ్చారు. పిల్లలు సగం వదిలేశారు. అత్తమ్మ ఏమీ తినలేదని తిరిగొస్తూ మెస్ ఒకటి తెరిచి ఉంటే ఆగాం, పదింటికి షట్టర్ సగం దించుతున్న ఆయన "పెద్దమ్మ తినలేదా, రండి" అని మళ్లీ లైటు వేశాడు. ముద్దపప్పు, పచ్చిపులుసు, వేయించిన ఎండుమిరపకాయ. పచ్చిపులుసులో ఉల్లిగడ్డను చేత్తో నలిపి వేశారు, నువ్వుల పొడి వాసన వస్తోంది. అత్తమ్మ రెండోసారి అన్నం పెట్టించుకుంది. ఎనభై రూపాయల భోజనం.

మూడో రోజు పాండవుల గుట్టలు. ఈ ట్రిప్పులో ఒక్కటే ఎంచుకోమంటే నేను ఇదే ఎంచుకుంటా. పరకాల దాటి రేగొండ వైపు, హనుమకొండ నుంచి గంటకు కొంచెం పైనే. ఇసుకరాయి గుట్టలు, పొరలు పొరలుగా చీలి, కొన్నిచోట్ల బండ కప్పులా ముందుకు వంగి ఉంటుంది. ఆ నీడలోనే ఎప్పటివో మనుషులు వేసిన బొమ్మలు, దున్నలు, జింకలు, విల్లంబులు, చతురస్రాలు. ఎరుపు రంగువి బాగా కనపడతాయి, తెల్లవి వెలుతురు పడితేనే. వీటిని 1990లో గుర్తించారంటే, అన్ని వేల ఏళ్లు చుట్టుపక్కల ఊళ్లవాళ్లు, పశువుల కాపరులు ఆ బండల కిందనే ఎండకు ఆగి ఉంటారు కదా అని నాకు ఒళ్లు జలదరించింది. మా పాప చెయ్యి పెట్టి తాకబోతే ఆపాను. పక్కనే ఎవరో పేర్లు, గుండె గుర్తులు గీకిపెట్టి పోయారు. అది చూసి కోపం కన్నా ఏడుపు ఎక్కువ వచ్చింది. దయచేసి పిల్లలకు కారు దిగకముందే చెప్పండి.

అత్తమ్మ పైదాకా ఎక్కలేదు, కింద చెట్టు నీడలో డ్రైవర్ తోడుగా కూర్చుంది. మోకాళ్ల నొప్పులుంటే ఇది కుదరదు, చెప్పులు కాదు బూట్లు కావాలి, నీళ్లు మనిషికి లీటరుకు తక్కువ వద్దు, మాకైతే పైన ఒక్క కొట్టూ కనపడలేదు. కోతులున్నాయి, తిండి సంచి చేతిలో కనపడనియ్యొద్దు. పైన గాలికి నిలబడి చూస్తే పొలాలు, చెరువులు, మళ్లీ గుట్టలు. లక్నవరంలో మాకు దొరకని నిశ్శబ్దం అక్కడ దొరికింది, గంటసేపు మేము నలుగురమే.

రెండింటికి కిందకు దిగి, పరకాల మీదుగా హుజూరాబాద్ దారి పట్టాం. అత్తమ్మ దారిలో రెండుసార్లు అడిగింది, ఆ బొమ్మల్లో ఆడవాళ్లవి ఏమైనా ఉన్నాయా అని. మా పాప ఫోన్‌లో తీసిన ఫొటోలన్నీ ఒక్కొక్కటే పెద్దవి చేసి చూపిస్తూ వెతికింది. ఇల్లు చేరేదాకా వాళ్లిద్దరూ అదే పనిలో ఉన్నారు.