నెల్లూరు నుంచి నేలపట్టు, పులికాట్: ఒకరోజు పక్షుల యాత్రపై సమీక్ష

గత డిసెంబరు చివరి ఆదివారం, నెల్లూరులోని ఒక ట్రావెల్స్ వారు నడిపే ఒకరోజు పక్షుల యాత్రకు ఇంట్లో నలుగురం వెళ్లివచ్చాం. తెల్లవారుజామున నాలుగున్నరకు మినీబస్సు బయలుదేరి, గూడూరు, నాయుడుపేట మీదుగా దొరవారిసత్రం వైపు సాగి, పొద్దు పొడిచేసరికి నేలపట్టు పక్షుల అభయారణ్యానికి చేరుస్తుంది. మధ్యాహ్నం సూళ్లూరుపేటలో భోజనం, ఆపైన పులికాట్ సరస్సులో పడవ షికారు. 2022లో జిల్లాలను విభజించినప్పుడు ఈ రెండు చోట్లూ తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి గానీ, నెల్లూరువాళ్ల నోట అవి ఇంకా మనవే. మనిషికి 1,600 రూపాయలు తీసుకున్నారు. కరపత్రం మీద ‘పర్యావరణహిత యాత్ర’ అని పెద్ద అక్షరాల్లో వేశారు కాబట్టి, ఆ మాటను ఎంతవరకు నిలబెట్టుకున్నారన్నదే ఇక్కడ నా పరిశీలన.

నేలపట్టులో నిలబెట్టుకున్నారు. బస్సును దూరంగా ఆపి, హారన్ కొట్టనివ్వకుండా, సెల్‌ఫోన్లు సైలెంటులో పెట్టించి నడిపించుకుపోయారు. సుమారు 459 హెక్టార్ల ఈ అభయారణ్యంలో అసలు చూడవలసింది చెరువూ, అందులో నడుముదాకా మునిగి నిలిచే కడప చెట్లూ. ఈశాన్య రుతుపవనాలకు చెరువు నిండితేనే గూడబాతులు (పెలికాన్లు) ఆ కొమ్మలపై గూళ్లు కడతాయి. వాన మొహం చాటేసిన ఏడు గూళ్లూ తగ్గిపోతాయి. వాచ్‌టవర్ ఎక్కి చూస్తే, రెట్టలతో ఆకులన్నీ సున్నం కొట్టినట్టున్నాయి, గాలి ఇటు తిరిగినప్పుడల్లా నీచువాసన. బైనాక్యులర్స్‌లో ఒక గూడు దొరికింది. పిల్ల తల మొత్తం తల్లి గొంతుసంచిలోకి దూర్చి చేపను లాక్కుంటూ ఉంటే, తల్లి పడిపోతుందేమోనన్నట్టు రెక్కలు విప్పి నిలదొక్కుకుంది. మా పాప పది నిమిషాలు అక్కడినుంచి కదలలేదు.

గైడుగా వచ్చిన కుర్రవాడు ఆ చుట్టుపక్కల ఊరివాడే కావడం ఈ యాత్రకు పెద్ద బలం. రెట్టలు కలిసిన చెరువునీరు పారితే వరికి వేరే ఎరువు అంతగా అక్కరలేదని, అందుకే పక్షులు రావడాన్ని ఊరివాళ్లు శుభంగా తలచి, వాటిని కొట్టనివ్వరని అతడు చెప్పాడు. కొనితెచ్చుకున్న గైడు ఈ మాటలు వల్లించగలడేమో గానీ, తన పొలం వైపు చెయ్యి చూపి చెప్పలేడు. ఉదయం ఫలహారం స్టీలు పళ్లేలలో పెట్టారు, నీళ్లు క్యాను నుంచి పట్టుకోమన్నారు. నెయ్యి కారం దోశ మాత్రం చల్లారిపోయింది, ఆ వేళకు అంతకన్నా ఆశించకూడదు.

సూళ్లూరుపేట భోజనం ఫరవాలేదు.

చిక్కంతా పులికాట్‌లో వచ్చింది. మన దేశపు ఉప్పునీటి సరస్సుల్లో చిలికా తర్వాత ఇదే పెద్దది. నీరు లోతు తక్కువ కనుకనే ఫ్లెమింగోలు వాలుతాయి. వంకర ముక్కును తలకిందులుగా నీటిలో ముంచి, నాచునూ సన్నరొయ్యలనూ వడపోసుకుని తింటాయి, ఆ మేత నుంచే వాటికి గులాబీరంగు వస్తుంది. గంటల తరబడి మేస్తేనే వాటికి కడుపు నిండుతుంది. అలాంటి గుంపు కనబడగానే, ట్రావెల్స్ వారు మాట్లాడిపెట్టిన పడవవాడు ఇంజను వేగం పెంచి నేరుగా దానిమీదికి పోనిచ్చాడు. వందల పక్షులు ఒక్కసారిగా లేచాయి, పడవలో ఈలలు, చప్పట్లు, సెల్ఫీలు. అవి దూరంగా వెళ్లి వాలితే, మళ్లీ అటే తిప్పాడు. మూడోసారికి నేను గట్టిగా వద్దన్నాను. తోటి ప్రయాణికుల్లో ఇద్దరు నా మీద విసుక్కున్నారు. పొద్దున చప్పుడు చేయవద్దని అంత శ్రద్ధగా చెప్పిన నిర్వాహకుడు అదే పడవలో కూర్చుని ఏమీ అనలేదు.

నిజానికి ఈ పడవ అవసరమే లేదు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు సరస్సు మధ్యగానే సాగుతుంది. రోడ్డు వారన నిలబడితే చాలు, పక్షులు తమ మానాన తాము మేస్తూ కనిపిస్తాయి. తిరుగుదారిలో ఈ మాటే నిర్వాహకుడితో అంటే, “పక్షులు ఎగరకపోతే డబ్బులు వాపసు అడుగుతారు సార్” అన్నాడు. అబద్ధమేమీ కాదు, పడవలో ఆ ఈలలు విన్నాను కదా.

వెళ్లదలచినవారు ముదురురంగు బట్టలు వేసుకుని, బైనాక్యులర్స్ సొంతానివి తీసుకువెళ్లండి. వారు ఇచ్చేవి రెండే, వంతులు వేసుకోవాలి. పడవ వద్దంటే 300 తగ్గిస్తామని చివరికి ఒప్పుకున్నారు, బుకింగ్ సమయంలోనే అడగండి. ఫిబ్రవరిలో మా అన్నయ్య వాళ్లతో మళ్లీ వెళ్లబోతున్నాం, పడవ లేకుండా.