డైవ్ బోటు ఆక్సిజన్ కిట్: వాల్వ్‌కి మంచి మార్కులు, ఒంటరి సిలిండర్‌కి కాదు

డైవర్ల భద్రత కోసం పనిచేసే సంస్థ డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్, అందరూ డ్యాన్ అంటారు. వాళ్ల రెస్క్యూ ప్యాక్ ఎక్స్‌టెండెడ్ కేర్ అంటే నీళ్లు చొరబడని గట్టి పెట్టె, అందులో సిలిండర్ ఒత్తిడి తగ్గించి ఆక్సిజన్ పంపే మల్టీఫంక్షన్ రెగ్యులేటర్, డిమాండ్ వాల్వ్, సంచి ఉన్న నాన్-రీబ్రీదర్ మాస్క్, ఊపిరి ఊదడానికి పాకెట్ మాస్క్. సిలిండర్ నింపించుకోవడం మన పని.

ముందు వాల్వ్ సంగతి. డీకంప్రెషన్ సిక్‌నెస్ అంటే డైవర్ లోతు నుంచి పైకి వచ్చాక ఒంట్లో కరిగిన నైట్రోజన్ బుడగలు కట్టే జబ్బు. ఊపిరిలో నైట్రోజన్ ఎంత తక్కువ ఉంటే అది రక్తంలోంచి అంత తొందరగా బయటికి పోతుంది. అందుకే 100 శాతం ఆక్సిజన్ కావాలి. డిమాండ్ వాల్వ్ పీల్చినప్పుడే ఆక్సిజన్ వదులుతుంది. మాస్క్ ముఖానికి బిగువుగా అతుక్కుంటే దాదాపు 100 శాతం అందుతుంది, గ్యాస్ వృథా కాదు. గడ్డం ఉన్నవాళ్లకి అంచుల్లోంచి గాలి లోపలికి వస్తుంది. చేత్తో నొక్కి పట్టాల్సిందే. ఊపిరి మరీ బలహీనంగా ఉండి వాల్వ్ తెరుచుకోకపోతే నాన్-రీబ్రీదర్‌కి మారాలి. దాన్ని నిమిషానికి 15 లీటర్ల దగ్గర పెట్టి, సంచి పూర్తిగా ఉబ్బాకే ముఖానికి తగిలించాలి. పీల్చినప్పుడు సంచి చప్పబడిపోతుంటే ఫ్లో చాలట్లేదని అర్థం.

ఇక సిలిండర్. జంబో-డి సైజులో సుమారు 636 లీటర్లు పడుతుంది. 15 లీటర్ల ఫ్లోలో అది 42 నిమిషాల ముచ్చట. నెమ్మదిగా ఊపిరి తీసుకునే మనిషికి డిమాండ్ వాల్వ్‌తో గంటో, గంటంబావో వస్తుంది. రెగ్యులేటర్ ఒకేసారి ఇద్దరికి ఆక్సిజన్ ఇవ్వగలదు, కానీ సిలిండర్ ఒక్కటే కదా, సమయం సగమవుతుంది. ఆసుపత్రి రెండు గంటల దూరమైతే 15 లీటర్ల చొప్పున 1,800 లీటర్లు కావాలి, అంటే మూడు సిలిండర్లు. కిట్ కొనే ముందు వేసుకోవాల్సిన లెక్క ఇదొక్కటే. చాలా బోట్ల మీద ఇది ఎవరూ వెయ్యరు.

పెట్టె ఎప్పుడు తెరవాలో గుర్తుపట్టడమే అసలు కష్టం. భుజంలోనో మోచేతిలోనో నొప్పి వస్తే ట్యాంకు మోసినందుకే అనుకుంటారు. లక్షణాలు చాలామందిలో పైకి వచ్చిన కొన్ని గంటల్లోనే, దాదాపు అందరిలో 24 గంటల్లోపు బయటపడతాయి. మామూలుకి మించిన అలసట, చర్మం మీద పాలరాయిలాంటి ఎర్ర-ఊదా మచ్చలు, తిమ్మిరి, కాలు ఈడ్చడం, కళ్లు తిరగడం, మూత్రం రాకపోవడం: వీటిలో ఏది కనిపించినా ఆక్సిజన్ మొదలుపెట్టాలి. లోతూ సమయమూ లెక్కగట్టే డైవ్ కంప్యూటర్ పరిమితులు దాటలేదు కాబట్టి ఇది డీకంప్రెషన్ సిక్‌నెస్ కాదనడం కుదరదు. ఆ పరిమితుల లోపలే ఉండి డైవ్ చేసినవాళ్లకీ వస్తుంది.

మనిషిని వెల్లకిలా చదునుగా పడుకోబెట్టాలి. తల కిందికి, కాళ్లు పైకి పెట్టే పాత పద్ధతి మెదడు వాపు పెంచుతుంది, వద్దు. స్పృహ ఉండి వాంతులు లేకపోతే నీళ్లు కొద్దికొద్దిగా తాగించొచ్చు, మద్యం మాత్రం వద్దు. నొప్పి తగ్గించే నైట్రస్ ఆక్సైడ్ ఇస్తే బుడగలు ఇంకా పెరుగుతాయి. మళ్లీ నీళ్లలోకి దించి సరిచేద్దామన్న ఆలోచన మామూలు బోటు సిబ్బందికి అసలు తగదు. ఆక్సిజన్ పెట్టిన టైమూ, లక్షణాలు మారిన టైమూ రాసిపెట్టాలి. హెలికాప్టర్‌లో తీసుకెళ్లాల్సి వస్తే వీలైనంత తక్కువ ఎత్తులో, 300 మీటర్ల లోపు ఎగరమనాలి.

అరగంటలో తిమ్మిరి పోయిందని మాస్క్ తీసేసి, డాక్టరు దగ్గరికి అక్కర్లేదనుకోవడం ఈ కిట్‌తో జరిగే పెద్ద పొరపాటు. తీసేశాక లక్షణాలు తిరిగి రావచ్చు. అసలు చికిత్స ఒత్తిడి పెంచే గదిలో, అంటే ఛాంబర్‌లోనే. అమెరికా నేవీ టేబుల్ 6 ప్రకారం 18 మీటర్ల లోతుకి సమానమైన ఒత్తిడిలో మొదలుపెట్టి, తర్వాత 9 మీటర్ల స్థాయికి తెచ్చి, మధ్యమధ్యలో మామూలు గాలి పీల్చే విరామాలిస్తూ ఆక్సిజన్ ఇస్తారు, మొత్తం 4 గంటల 45 నిమిషాలు పడుతుంది. అవసరమైతే ఇంకా పొడిగిస్తారు. కిట్ పని మనిషిని అక్కడిదాకా చేర్చడం వరకే.

కొన్నాక తలనొప్పులు చిన్న భాగాల దగ్గరే. సిలిండర్‌కీ రెగ్యులేటర్‌కీ మధ్య ఉండే వాషర్ నలిగిపోతే గ్యాస్ బుస్సుమంటూ కారిపోతుంది; పెట్టెలో రెండు అదనంగా ఉంచండి. తెరిచే కీ దారంతో కట్టి ఉండాలి, లేకపోతే అది మొదటి ట్రిప్పులోనే సముద్రం పాలు. సన్‌స్క్రీన్ అంటిన చేతులతో వాల్వ్ ముట్టుకోకండి, జిడ్డూ ఒత్తిడిలో ఉన్న ఆక్సిజనూ కలిస్తే మంట లేస్తుంది. తిప్పేటప్పుడు కూడా మెల్లగానే తిప్పాలి. బోటు బయల్దేరే ప్రతిసారీ తెరిచి గేజ్ చూసి, మళ్లీ మూసి, రెగ్యులేటర్‌లో మిగిలిన గ్యాస్ వదిలేయాలి.